అమ్మ చేతులు ఊరుకోవడం లేదు. ముట్టుకోవచ్చా, నూనె రాయవచ్చా?

లేసు ఇంటి అమ్మాయి (నర్సాపురం దగ్గర)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. ఎడమ రొమ్ము క్యాన్సర్. నాలుగేళ్ళ కిందట ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. పోయిన సంక్రాంతికి నడుం నొప్పంటే స్కాన్ తీయించాం, ఎముకలకి పాకిందన్నారు. రెండు నెలల కిందట ఆసుపత్రిలో డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి "ఇంక ఇంటికి తీసుకెళ్ళమ్మా, ఏం తినాలంటే అది పెట్టు" అన్నారు. అంతే. రాత్రి నొప్పొస్తే ఏం చేయాలో, మంచం మీద మనిషిని ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు. ఆ వారం ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. తర్వాత వేరే చోట నొప్పికి మందిచ్చే డాక్టరుగారు దొరికారు. మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు. నొప్పి చాలావరకు అదుపులోకి వచ్చింది. కాబట్టి నేను అడిగేది మందుల గురించి కాదు, చేతుల గురించి.

అమ్మ పదేళ్ళప్పటి నుంచి లేసు అల్లింది. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, దూరం వాళ్ళ కోసం చెబుతున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పిన పని ఇది. ఏజెంటు దారం ఉండలు తెచ్చి ఇస్తాడు. ఒకళ్ళు పువ్వులు అల్లుతారు, ఇంకొకళ్ళు ఆ పువ్వులన్నీ కలిపి అతుకుపని చేస్తారు, టేబుల్ క్లాతులై ఎక్కడెక్కడికో పోతాయి. అమ్మ అరుగు మీద కూర్చుని, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూస్తూ, ఎప్పుడూ అల్లుతూనే ఉండేది. దారం ఒరిసి ఒరిసి ఎడమ చూపుడువేలికి చిన్న గాడి పడింది. చిన్నప్పుడు నేను ఆ గాడిలో గోరు పెట్టి ఆడుకునేదాన్ని. ఇప్పుడు ఎడమ చెయ్యంతా వాచిపోయి ఆ గాడి కనపడటం లేదు. 2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, అమ్మ ఏమీ అనకుండా తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

పది రోజులుగా నిద్రలో అమ్మ కుడిచెయ్యి ఆగడం లేదు. దుప్పటి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని గిల్లుతుంది, లాగుతుంది, వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. మా పిన్ని "లేసు అల్లుకుంటోందే మీ అమ్మ" అని కళ్ళు తుడుచుకుంది. పక్కింటావిడ "ఇవి పోయే ముందు గుర్తులు" అంది. నాకేమీ అర్థం కావడం లేదు.

మొన్న ఒక తప్పు చేశాను. సరదాపడుతుందని లేసు సూది, దారం చేతికిచ్చాను. వేళ్ళు పట్టు దొరక్క సూది జారి మంచం కింద పడింది. ఇంకోసారి ఇచ్చాను. మళ్ళీ పడింది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

కాళ్ళు ఒత్తుదామంటే "ఎముకలు పెళుసుగా ఉంటాయి, ముట్టుకోవద్దు" అని అన్నయ్య హైదరాబాద్ నుంచి ఫోన్లో కేకలేస్తున్నాడు. పెద్ద ఊళ్ళలో, బయట దేశాల్లో ఇలాంటి రోగుల దగ్గర పాటలు పాడటానికి, బొమ్మలు వేయించడానికి, మృదువుగా మర్దన చేయడానికి ప్రత్యేకంగా మనుషులుంటారని నెట్‌లో చూశాను. మా ఊరికి ఎవరొస్తారు? నేను భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో లెక్కలు చూసుకునేదాన్ని, సెలవు పెట్టి వచ్చాను. నాకు ఈ పనులేవీ రావు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంటే ఎక్కడ ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు?

ఇంటింటి నర్సు (అమలాపురం వైపు)

చెల్లెమ్మా, నేను పదకొండేళ్ళుగా మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూస్తున్నాను. కేరళలో కోజికోడ్ వెళ్ళి నేర్చుకున్నాను. 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ లాంటివాళ్ళు అక్కడ మొదలుపెట్టిన పని, తర్వాత ఊళ్ళలోని మామూలు జనమే చెయ్యేసి నడిపించారు. కొబ్బరి వలిచేవాళ్ళు, టీచర్లు, ఆటో డ్రైవర్లు వచ్చి రోగి పక్కన కూర్చునేవారు. కాబట్టి "నాకు ఈ పనులేవీ రావు" అనే మాట ముందు పక్కన పెట్టు.

మొదట ఆ చేతుల సంగతి. ఇవాళే డాక్టరుగారికి ఫోన్ చేయి. దుప్పటి గిల్లడం, గాల్లో ఏదో పట్టుకోవడం మనిషి లోపల తికమకపడుతున్నారనడానికి గుర్తు కావచ్చు. చివరి రోజుల్లో అలా అవుతుంది, నిజమే. కానీ చక్కదిద్దగలిగిన కారణాలు కూడా ఉంటాయి. ఒంటేలు బిగబట్టిందేమో పొత్తికడుపు చూడు. విరేచనం ఎన్నాళ్ళైందో లెక్క చూడు, మార్ఫిన్ వేసుకునేవాళ్ళలో దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది, దానికి రోజూ మందు ఉండాలి. జ్వరం ఉందా? కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా? ఎముకలకి పాకినవాళ్ళలో రక్తంలో కాల్షియం పెరిగినా మనిషి మత్తుగా, తికమకగా అయిపోతారు. ఇవన్నీ చూడకుండా "పోయే ముందు గుర్తులు" అనేసి ఊరుకున్న ఇళ్ళు నేను చాలా చూశాను. నాకు చాలా బాధనిపించే విషయం ఇది. కడుపు ఉబ్బి నరకం అనుభవిస్తున్న మనిషి చుట్టూ చేరి తులసి తీర్థం పోస్తుంటారు.

ఇప్పుడు ముట్టుకునే సంగతి. మీ అన్నయ్య భయంలో సగం నిజం ఉంది. వెన్ను, పక్కటెముకలు, తుంటి, వీటి మీద ఒత్తొద్దు. పిక్కలు పిసకొద్దు, గుద్దొద్దు. ఒక కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు రుద్దొద్దు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టరుకి చెప్పాలి. రేడియేషన్ తగిలి నల్లబడ్డ చర్మం జోలికి వెళ్ళకు. పిరుదుల మీద, మడమల మీద ఎర్రగా కమిలితే కూడా అక్కడ రుద్దకూడదు, రుద్దితే పుండు పడుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడమే దానికి మందు. ఎడమ చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టు, దాన్ని ఒత్తొద్దు, నూనె చేత్తో చర్మం తడుముతున్నట్టు రాస్తే చాలు.

మిగిలిన ఒళ్ళంతా నీదే. అరచేతులు, ముంజేతులు, పాదాలు, నుదురు, తల. మార్ఫిన్ వేసిన అరగంటకో ముప్పావుగంటకో మొదలుపెట్టు. కొబ్బరినూనె నీ అరచేతుల్లో పోసుకుని రుద్ది వేడెక్కించు. "అమ్మా, చెయ్యి పట్టుకోనా?" అని అడుగు, నిద్రలో ఉన్నా సరే అడుగు. మోచేతి నుంచి మణికట్టు దాకా నీ చెయ్యి జారడానికి ఏడెనిమిది సెకన్లు పట్టాలి. మనం మామూలుగా రాసే వేగానికి ఇది చాలా నిదానం. మొదట్లో నీకే విసుగనిపిస్తుంది. కానీ వెంట్రుకలున్న చర్మంలో అలా మెల్లగా నిమిరితేనే స్పందించే నరాలు ప్రత్యేకంగా ఉన్నాయి, వాటిని సి-ట్యాక్టైల్ నరాలంటారు. గబగబా రుద్దితే అవి అంతగా పలకవు. ఒక చెయ్యి తీసేలోపు రెండో చెయ్యి ఆని ఉండాలి. పది నిమిషాలు చాలు. కనుబొమలు ముడిపడ్డాయా, ఊపిరి బిగపట్టారా చూసుకుంటూ ఉండు. ముడిపడితే ఆపు.

2008లో అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 380 మందితో ఒక పరిశోధన చేశారు. సగం మందికి మర్దన, సగం మందికి ఊరికే చేతులు ఆనించి ఉంచడం. రెండింటికీ నొప్పి తగ్గింది, మర్దనకి అప్పటికప్పుడు ఇంకాస్త ఎక్కువ తగ్గింది. కానీ ఆ తేడా వారాల తరబడి నిలవలేదు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: ఇది అన్నం లాంటిది, ఇవాళ పెడితే ఇవాళ్టికి. రేపు మళ్ళీ పెట్టాలి. ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చున్నా వృథా పోదు.

పసిపిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెడతాం కదా. పెళ్ళికూతురికి నలుగు పెడతాం. ఆ చేతులే ఇవి, కాకపోతే ఇంకా మెత్తగా.

లేసు గురించి ఒక్క మాట. ఆవిడ చేత పని చేయించాలని చూడకు. యాభై ఏళ్ళు చేసిన పని చేతకాలేదంటే అంతకంటే అవమానం ఏముంటుంది? నువ్వు అల్లు. ఆవిడ చూస్తారు.

రామాలయం వీధి

అమ్మాయిగారూ, ఏమీ అనుకోవద్దు. ఈ థెరపీలు, ఈ హడావిడి అవసరమా? చివరి రోజుల్లో మనసు దేవుడి మీద నిలవాలి. పక్కన విష్ణు సహస్రనామం పెట్టండి, ఆవిడని ప్రశాంతంగా వదిలేయండి. మా నాన్నగారికి అలాగే చేశాం.

లేసు ఇంటి అమ్మాయి

తప్పకుండా పెడుతున్నానండి, పొద్దున్న, సాయంత్రం. అమ్మకి ఇష్టమే. కానీ స్పీకర్ పెట్టి మేమందరం బయటికి వెళ్ళిపోతే అమ్మ కళ్ళు గుమ్మం వైపే ఉంటున్నాయి. నేను పక్కన కూర్చుని నా గొంతుతో చదివితే కళ్ళు మూసుకుంటోంది. అందుకని నేనే చదువుతున్నాను. సగం తప్పులు పోతున్నాయి.

పాలకొల్లు మాస్టారు

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. మూడేళ్ళ కిందట మా ఇంటావిడని ఇలాగే ఇంట్లో ఉంచుకుని చూసుకున్నాను. నర్సమ్మగారు ఒళ్ళు సంగతి చెప్పారు, నేను మాట సంగతి చెబుతాను.

కెనడాలో చోచినోవ్ అనే సైకియాట్రిస్టు చివరి దశలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ జీవితం గురించి అడిగి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసి, శుభ్రంగా రాయించి, వాళ్ళకే చదివి వినిపించి, ఇంట్లోవాళ్ళకి ఇచ్చే పద్ధతి ఒకటి తయారుచేశారు. 2005లో దాని ఫలితాలు ప్రకటించారు. మా అబ్బాయి చెప్తే నేనూ నోటుబుక్కు, ఫోను పట్టుకుని కూర్చున్నాను. "నీ జీవితంలో నీకు బాగా గర్వంగా అనిపించింది ఏమిటి?" అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి "మీరు క్లాసు చెబుతున్నారా?" అని కళ్ళు మూసుకుంది. రెండు రోజులు అలాగే అడిగాను. నోరు విప్పలేదు. నాకు చాలా దిగులేసింది. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని నేను సరిగ్గా ఒక ప్రశ్న అడగలేకపోయాను.

మూడో రోజు మా కోడలు పక్క గదిలో పనసపొట్టు కొడుతోంది. ఆ చప్పుడు విని ఆవిడ కళ్ళు తెరిచింది. నేను ఊరికే "మీ పుట్టింట్లో పనసపొట్టు ఎవరు కొట్టేవారు?" అన్నాను. ఇంకేముంది, అందుకుంది. వాళ్ళ మేనత్త కొట్టేదట. జిగురంటకుండా కత్తికి, చేతులకి నూనె రాసే పని ఈవిడది. ఒకసారి వాళ్ళ నాన్న పెళ్ళి మాటలకి వెళ్తూ ఆ నూనె చేతులకే పంచె తగిలించుకున్నాడట. ఆ పెళ్ళి మాటలు నాతోటే. ఆ మరక పంచెతోనే మా ఇంటికి వచ్చారన్నమాట. నలభై రెండేళ్ళలో ఎప్పుడూ నాకు చెప్పలేదు. ముప్పావుగంట మాట్లాడింది. మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగింది. వాళ్ళ ఊళ్ళో ఊడుపుల పాట రెండు చరణాలు సన్నగా అంది. ఆ రికార్డింగు నా దగ్గర ఉంది. ప్రతి పదమూ కాగితం మీద రాశాను, ఆవిడకి చదివి వినిపించాను. "మేనత్త పేరు తప్పు రాశారు" అంది, దిద్దాను.

అందుకని మీ అమ్మగారిని పెద్ద ప్రశ్నలు అడక్కండి. సూది ఎవరిచ్చారు, మొదటి కూలి డబ్బులు ఏం చేశారు, రేవులో ఎవరితో కబుర్లు చెప్పేవారు, ఇలాంటివి అడగండి. అలసిపోతే ఆపేయండి.

ఇంకొకటి. చివరి రెండు రోజులూ ఆవిడ పలకలేదు. అయినా నేను ఆ రాసింది చదువుతూనే ఉన్నాను. తర్వాత తెలిసింది, కెనడాలోనే 2020లో ఒక పరిశోధనలో, స్పృహ లేకుండా ఉన్నవాళ్ళ మెదడు కూడా కొందరిలో శబ్దాలకి స్పందిస్తోందని ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసి చూశారట. మాటకి అర్థం తెలుస్తుందా అనేది వేరే సంగతి. నాకు ఆ కాస్త చాలు. పలకడం లేదని మాట్లాడటం మానకండి.

కోనసీమ కోడలు

మా అత్తగారు ఆషాఢంలో గోరింటాకు పెట్టమని అడిగారు. "ఈ స్థితిలో గోరింటాకేమిటి" అని ఇంట్లో అందరూ అన్నారు. పెరట్లో కోసి నేనే రుబ్బి అరచేతుల్లో చందమామలు పెట్టాను. సిస్టర్‌గారు గోళ్ళు వదిలేయమన్నారు, గోళ్ళ రంగు చూసుకోవాలని. ఎర్రగా పండింది. వచ్చినవాళ్ళందరికీ చేతులు చాపి చూపించారు. అప్పటిదాకా వచ్చినవాళ్ళు ఆవిడ మొహం చూడలేక ఫ్యాను వైపు చూసేవారు. ఆ నాలుగు రోజులూ అందరూ చెయ్యి పట్టుకుని చూశారు. ఇంతే చెప్పాలనిపించింది.

లేసు ఇంటి అమ్మాయి (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ చెప్పాలి, అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నర్సక్క చెప్పినట్టు ఆ రోజే ఫోన్ చేశాను. లెక్క చూస్తే అమ్మకి విరేచనమై ఆరు రోజులైంది. నాకు తెలియలేదు. తినేదే తక్కువ కదా అనుకున్నాను. డాక్టరుగారు మందు మార్చారు, రక్తపరీక్ష చేయించారు. కడుపు తేలికపడ్డాక అమ్మ రెండు రోజులు బాగా పడుకుంది. చెయ్యి కదలడం పూర్తిగా ఆగలేదు గానీ ఆ లాగడం, ఆ కంగారు పోయింది. ఆరు రోజులు ఆవిడ అలా బాధపడుతుంటే మేం లేసు అల్లుకుంటోందని చూస్తూ కూర్చున్నాం. ఇది నేను మర్చిపోలేను. చదివేవాళ్ళు దయచేసి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

నూనె రోజూ రాస్తున్నాను, రాత్రి ఎనిమిది గంటల మాత్ర తర్వాత. ఏడెనిమిది సెకన్లంటే ఎంత నిదానమో చేస్తే తెలిసింది. మొదటి రోజు నా చెయ్యి పరుగెత్తుతూనే ఉంది. ఫ్యాను చప్పుడు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టి, చూపుడువేలు మాత్రం చివరి దాకా తడుముతాను. ఆ గాడి వాపు కింద తగులుతుందేమోనని వెతుకుతాను. తగల్లేదు. అన్నయ్య శనివారం వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. నేను వాడి చేతుల్లో నూనె పోశాను. పాదాలు పట్టుకున్నాడు. కాసేపటికి అమ్మ "వీడి చేతులు మీ నాన్న చేతుల్లా గరుగ్గా ఉన్నాయే" అంది. వాడు లేచి బయటికి వెళ్ళి, కాసేపు అరుగు మీద కూర్చుని, మళ్ళీ వచ్చి రెండో పాదం పట్టుకున్నాడు.

మాస్టారుగారూ, మొదటి కూలి డబ్బులు ఏం చేశావని అడిగాను. అంతర్వేది తీర్థంలో గాజులు కొనుక్కుందట. ఇంటికొచ్చేసరికి పంటు దిగుతూ మూడు పగలగొట్టుకుందట. ఇంకో సంగతి కూడా చెప్పింది. చిన్నప్పుడు నేను సూది పట్టుకుంటే లాగేసుకునేది. నేను చదువుకోవాలని అలా చేసిందనుకునేదాన్ని. "కళ్ళు పోతాయని. సాయంత్రమయ్యేసరికి నాకు దారం రెండు దారాలుగా కనిపించేది. ఏజెంటుకి చెబితే పని ఇవ్వడని చెప్పేదాన్ని కాదు" అంది. నాన్నకి కూడా చెప్పలేదట.

నిన్న పిన్ని దగ్గర సూది, తెల్లదారం తెచ్చుకుని మంచం పక్కన కూర్చుని నేనే మొదలుపెట్టాను. నాకొచ్చింది గొలుసు అల్లిక ఒక్కటే. ఈసారి అమ్మ లాక్కోలేదు, ఏమీ అనలేదు కూడా. పడుకుందనుకున్నాను. చాలాసేపటికి కుడిచెయ్యి చాపింది. అల్లినంతా అరచేతిలో పెట్టాను. కళ్ళు తెరవకుండా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని అంగుళం అంగుళం జరుపుకుంటూ పోయింది. దుప్పటి గిల్లిన వేళ్ళే, కానీ ఇప్పుడు నిదానంగా. జానెడు దూరం పోయాక ఆగింది.

"ఇక్కడ ఒకటి ఎగ్గొట్టావు" అంది.

లైటు వేసి చూశాను. నిజమే, ఒక గొలుసు జారిపోయింది. రేపు పొద్దున్న మాత్ర వేశాక అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లాలి.